కొట్టిన రాయి



ఈ వారం రాస్తానని మాటిచ్చింది ఇది కాదు. "మన సాహిత్యంలో ప్రకృతి ఎవరిది?" అని రాస్తానన్నాను. సగం రాశాను కూడా. ఆ సగం పక్కన పడేయాల్సి వచ్చింది. ఎందుకు పడేశానో చెప్పడమే ఈ వారం వ్యాసం. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

రెండు నెలలుగా నేను ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటున్నాను. ఈ సంగతి కాలేజీలో తెలిశాక డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకామె స్టాఫ్ రూం గుమ్మం దగ్గర ఆపి అడిగింది. "సార్, స్కాలర్‌షిప్పు రాక మా హాస్టల్ పిల్లలు మెస్సు బకాయి కట్టలేకపోతున్నారు. మీరేమో కొండ బొమ్మ ఏసుకుంటున్నారంట. మనకెందుకు సార్ ఇవన్నీ?"

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. ఆ రోజు నవ్వేసి తప్పించుకున్నాను. తప్పించుకున్నానన్న సంగతి ఆమెకూ తెలుసు. కాబట్టి ఇది ముందుగా ఆమెకు బాకీ ఉన్న జవాబు.

మొదలెట్టింది ఎట్లాగంటే, మా వీధి చివర రిటైరైన డ్రాయింగ్ మాష్టారు ఒకాయన ఉన్నారు. సాయంత్రాలు ఆయన వరండాలో కూర్చుని బొమ్మలేస్తుంటే నిలబడి చూసేవాణ్ణి. ఒకరోజు "ఊరికే చూడ్డం దేనికి, కూర్చో" అన్నారు. నేను వెంటనే మా పల్లె గీస్తానన్నాను. మా మాదిగవాడ, చింతచెట్టు, చర్చి గోడ. ఆయన తల అడ్డంగా ఊపారు. "సొంత బొమ్మ తర్వాత. ముందు మంచిది ఒకటి కాపీ చెయ్యి."

కాపీ అనే మాట నాకు పడదు. ఎందుకో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక వ్యాసం రాసిస్తే, తెలుగు అయ్యవారు దాన్ని క్లాసు ముందర పైకెత్తి "ఎక్కడ కాపీ కొట్టావురా?" అని అడిగారు. వ్యాసం బాగుందన్నదే నా మీద నేరం. ఆ వ్యాసం కోసం మూడు రాత్రులు హాస్టల్ బాత్రూం లైటు కింద కూర్చున్నానని ఆయనకెట్లా చెప్పను? పీహెచ్‌డీ నోటి పరీక్షలో కూడా అదే ప్రశ్న వచ్చింది, కాస్త మర్యాద వేసుకుని. "ఈ అధ్యాయం మీరే రాశారా?" తాతల పుస్తకాల బీరువా ఉన్న ఇంట్లో పిల్లవాడు తాత వాక్యాన్ని అనుకరిస్తే దాన్ని సంస్కారం అంటారు. బీరువా లేని ఇంట్లోంచి వచ్చినవాడు అదే వాక్యం రాస్తే కాపీ అంటారు. అందుకని ఇన్నేళ్లూ నేను ఎవర్నీ అనుకరించలేదని చెప్పుకుంటూ తిరిగాను. అది గొప్ప అనుకున్నాను.

మాష్టారు నా మొహం చూసి ఏమనుకున్నారో, లోపలికెళ్లి ఒక పాత పుస్తకం తెచ్చారు. పాల్ సెజాన్ 1863లో పారిస్ లూవ్ర్ మ్యూజియంలో కాపీలు చేసుకోడానికి పేరు నమోదు చేయించుకున్నాడని అందులో ఉంది. జీవితాంతం అక్కడికి వెళ్లి పాతవాళ్ల బొమ్మలు, శిల్పాలు చూసి గీసుకుంటూనే ఉన్నాడు. వాన్ గో 1889, 90 సంవత్సరాల్లో మానసిక వైద్యాలయంలో ఉన్నప్పుడు, రైతుల బొమ్మలేసిన మిలే చిత్రాల్ని ఇరవైకి పైగా తన రంగుల్లో మళ్లీ వేశాడు. మన సయ్యద్ హైదర్ రజా కథ కూడా మాష్టారే చెప్పారు. 1948లో కశ్మీర్‌లో ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ ఆయన బొమ్మలు చూసి, రంగులు సరే, బొమ్మకు కట్టుబడి లేదు, పోయి సెజాన్‌ను చదవమన్నాడట. రెండేళ్ల తర్వాత రజా పారిస్ వెళ్లాడు.

అంటే వాళ్లందరూ కాపీ కొట్టినవాళ్లే. వాళ్లనెవరూ క్లాసు ముందర నిలబెట్టలేదు, అంతే తేడా.

సరే అన్నాను. ఏ బొమ్మ వెయ్యాలో మాత్రం నేనే ఎంచుకుంటానన్నాను.

నేను ఎంచుకున్నది సెజాన్ సుమారు 1897లో వేసిన బొమ్మ. బిబెమ్యూ గని నుంచి కనిపించే సాంత్ విక్త్వార్ కొండ. దక్షిణ ఫ్రాన్సులో ఎక్స్ అనే పట్నం ఆయన సొంతూరు. పట్నానికి తూర్పున వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తుతో ఆ కొండ ఉంటుంది. దాన్ని ఆయన ఆయిల్ రంగుల్లోనే ముప్పైకి పైగా సార్లు వేశాడు. ఈ బొమ్మలో ముందు పచ్చటి చెట్లు, వాటి వెనక నిలువునా లేచిన నారింజ రంగు రాతిగోడలు, ఆ గోడల మీద కూర్చున్నట్టు బూడిద, ఊదా కలిసిన కొండ, పైన నీలం ఆకాశం. మనిషి లేడు. పిట్ట కూడా లేదు.

దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, పేరులో గని ఉంది కాబట్టి. నేను గని పిల్లవాణ్ణి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, అవుకు వైపు బస్సులో పోయినవాళ్లకు తెలుస్తుంది, రోడ్డుకు రెండు పక్కలా కొండల్లాగా పేర్చిన నాపరాయి ముక్కల దిబ్బలు. మీ ఇళ్లల్లో, బడుల్లో, బస్టాండుల్లో కాలి కింద ఉండే బండలు అక్కడివే కావచ్చు. రాయి కొట్టడం వడ్డెర్ల కులవృత్తి అని చెప్తుంటారు గానీ, మా గనుల్లో వడ్డెర్లూ, మాదిగలూ, మాలలూ, ముస్లింలూ అందరూ దిగారు. మా నాయన ముప్పై ఏళ్లు దిగాడు. మా అమ్మ ముక్కరాళ్లు గంపకెత్తుకుని దిబ్బ మీదకు మోసింది. నా ఫీజులు ఆ దిబ్బల్లోంచి వచ్చినవే.

ఇంకో కారణం కూడా ఉంది, అది అంత మంచిది కాదు. ఆ బొమ్మతో నాకు గొడవ పెట్టుకోవాలని ఉంది. వ్యాసం ముందే నా తలలో తయారై ఉంది. సెజాన్ తండ్రి బ్యాంకు యజమాని. 1886లో తండ్రి పోయాక కొడుక్కి పెద్ద ఆస్తి వచ్చింది. బొమ్మ అమ్ముడుపోకపోయినా పూట గడుస్తుంది. 1895 నుంచి 1904 దాకా ఆ గని దగ్గర చిన్న గుడిసె అద్దెకు తీసుకుని వెళ్లి బొమ్మలేశాడు. గని అంటే మనుషులు రాయి తీసిన చోటు. ఎక్స్ పట్నంలోని పాత భవంతులు చాలా వరకు ఆ రాతితో కట్టినవే. అట్లాంటి చోటుకు వెళ్లి ఈయన మనిషి లేకుండా బొమ్మ వేశాడు. శ్రామికుణ్ణి తుడిచేశాడు. ఇదీ నా వాదన.

దానికి మన సాహిత్యం తోడుంది. కావ్యంలో ఉండాల్సిన అష్టాదశ వర్ణనలు ఏటా పాఠం చెప్తాను. నగరం, సముద్రం, శైలం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం, ఉద్యానవనం, జలక్రీడ... పద్దెనిమిదిట్లో కొండకు చోటుంది, కొండ కొట్టేవాడికి లేదు. చెరువు తవ్వినవాడు లేడు, అందులో స్నానాలాడే వాళ్లున్నారు. భావకవుల దగ్గరికొచ్చినా ఆకులూ పూలూ వెన్నెలా ఉన్నాయి గానీ, ఆకుతోటలో కూలికెళ్లే మనిషి కనపడడం అరుదు. సెజాన్‌ను ఈ వరుసలో చివర కూర్చోబెడితే వ్యాసం పూర్తవుతుంది. చప్పట్లు కూడా వస్తాయి. ఇట్లాంటి వ్యాసం రాయడం నాకు చేతనవును, అందుకే అనుమానించి ఉండాల్సింది.

ఇక పని సంగతి.

ఆ బొమ్మ దాదాపు 65 సెంటీమీటర్ల ఎత్తు, 81 వెడల్పు. నాలుగుకు ఐదు పాళ్లు. మా ఊళ్లో దొరికే పదహారు ఇరవై అంగుళాల కాన్వాస్ బోర్డు పాళ్లు కూడా అవే. మ్యూజియం పెట్టిన ఫొటోను కలర్ ల్యాబులో పెద్దది ప్రింటు తీయించాను. దాని మీదా, బోర్డు మీదా సమానంగా గళ్లు గీసి, బొగ్గుతో ఒక్కో గడీ దించుకోవడం. సినిమా కటౌట్లు వేసినవాళ్లు, గోడల మీద అంబేడ్కర్ బొమ్మ వేసేవాళ్లు చేసే పనే ఇది. మన వాడల్లో ఆ పని తెలిసినవాళ్లు ఎంతమందో.

ఆయిల్ రంగు ఓపిక అడుగుతుంది. రంగుపొడిని అవిసె నూనెతో నూరి ట్యూబులో పెడతారు. నీటి రంగు నీరు ఆవిరై ఆరుతుంది. నూనె ఆవిరి కాదు, గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని మెల్లగా గట్టిపడుతుంది. పైకి ఆరినట్టు కనపడ్డానికే రోజులు పడుతుంది. అందుకని ఒక నియమం ఉంది. కింది పొర టర్పెంటైన్ కలిపి పలచగా వెయ్యాలి, పైకి పోయేకొద్దీ నూనె పెంచాలి. తిరగేస్తే, పై పొర ముందే బిగుసుకుని కింది పొర ఇంకా కదులుతుంటే, బొమ్మ పగులుతుంది. నేను మొదటి వారమే తిరగేశాను. కింద జిడ్డు జిడ్డుగా తయారైంది. మాష్టారు గుడ్డ ఇచ్చి అంతా తుడిపించారు.

కొండకు బూడిద రంగు కావాలి. నలుపూ తెలుపూ కలిపాను. కొండ మీద పొయ్యి బూడిద పోసినట్టు చచ్చిపోయింది. మాష్టారు నల్ల ట్యూబు తీసుకుని జేబులో పెట్టుకున్నారు. "నీలంలో కాల్చిన సియన్నా కలుపు" అన్నారు. కాల్చిన సియన్నా అంటే ఎర్రమట్టి రంగే. అల్ట్రామెరైన్ నీలంలో అది కలిపితే బూడిద వచ్చింది, కానీ బతికున్న బూడిద. నీలం పెంచితే చల్లగా వెనక్కి పోతుంది, ఎరుపు పెంచితే వెచ్చగా ముందుకొస్తుంది. సెజాన్ బొమ్మ మొత్తం ఈ వెనకాముందుల మీదే నిలబడి ఉంది. నీడకు నలుపు వాడకుండా నీలం, ఊదా వాడాడు. నారింజ రాతి పక్కన నీలం పెట్టాడు కాబట్టి రాయి ఎండలో ఉన్నట్టుంటుంది. అన్నీ ఒకే వాటంలో పక్కపక్కన పడిన చిన్న చిన్న చదరాల్లాంటి దెబ్బలు. దూరం నుంచి గోడ, దగ్గరికెళ్తే దెబ్బలు.

ఒక్కో గడీకి ఒక్కో సాయంత్రం పట్టింది. ఇరవై నిమిషాల్లో చూసి వ్యాసం రాయబోయిన బొమ్మను రెండు నెలలు చూశాను. అయినా కనపడాల్సింది కనపడలేదు.

నాయన నడుం నొప్పి చూపించుకోడానికి మా ఇంటికొచ్చాడు. ముప్పై ఏళ్ల గని పని నడుములోనే ఉంటుంది. కుడిచేతి చూపుడువేలు పైకణుపు లేదు, బండ కింద పోయింది. పగలంతా నేను కాలేజీలో ఉంటే ఆయన ముందు గదిలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎదురుగా నా బొమ్మ, దాని పక్కన గోడకు అంటించిన ప్రింటు. మూడో రోజు సాయంత్రం నేను రాగానే అడిగాడు.

"ఏందిరా ఇది?"

"కొండ నాయనా. ఫ్రాన్సు దేశంలోది."

"కొండ సరేలే. ఇది గని గదా."

నేను ఆగిపోయాను. బొమ్మ పేరు ఆయనకు చెప్పలేదు. "ఎట్లా తెలిసింది నాయనా?"

లేచి గోడ దగ్గరికెళ్లి, ఆ కణుపు లేని వేలితో ప్రింటును చూపించాడు. నా బొమ్మను కాదు.

"ఇదో, ఈడ సూడు. వానకు కోసుకున్న రాయికి మూల గుండ్రంగ పోతాది. ఇది నిట్టనిలువున దిగింది. మనిసి దించినాడు దీన్ని. ఇది కొట్టిన రాయి." వేలు కిందికి జరిపాడు. "పైనించి మెట్టు మెట్టుగా దిగినారు. మన మాదిరి బండ లేపలేదు వీళ్లు. మనకు పొరలుంటాయి, గడ్డపార పెట్టి పొర లేపుతాం. ఇది పొర రాయి గాదు. దిమ్మలు తీసినారు. చానా మంది చేసుంటారు, ఇంత ఎత్తు దించల్లంటే."

తర్వాత నా బొమ్మ వైపు తిరిగాడు. కాసేపు చూశాడు.

"నీ దాంట్లో గని కనపడ్ల్యా నాయనా. ఉత్త కొండే ఉంది."

నా బొమ్మ దగ్గరికెళ్లి చూశాను. ఆయన చెప్పింది నిజం. రాతిగోడల అంచులన్నీ నేను మెత్తగా చేసేశాను. నిలువుగీతలు కాస్త వంచాను. మూలలు గుండ్రం చేశాను. తెలిసి చెయ్యలేదు. గళ్లు గీసుకుని, కొలిచి, ఒక్కో గడీ దించుకుని కూడా, నా చెయ్యి "ప్రకృతి అంటే ఇట్లా ఉండాలి" అనుకుని దిద్దుకుంటూ పోయింది. సెజాన్ ఉంచిన గాట్లను నేను చెరిపేశాను.

అర్థమవుతోందా మిత్రులారా? శ్రామికుణ్ణి తుడిచేశాడని నేను సెజాన్ మీద కేసు రాస్తున్నాను. బొమ్మలో శ్రామికుడి పని మూలమూలా ఉంది. తుడిచింది నేను. గని కూలి కొడుకును, తెలుగులో పీహెచ్‌డీ ఉన్నవాణ్ణి. ఏ కట్టడాన్ని చూసినా దాన్ని కట్టిన కూలీల గురించి అడగమని శ్రీశ్రీ నేర్పాడని ప్రతి ఏడాదీ బోర్డు ముందు నిలబడి చెప్పేవాణ్ణి.

ఇది ఒక్క రోజులో వచ్చిన గుడ్డితనం కాదు. పదో తరగతి నుంచి పీహెచ్‌డీ దాకా నేను చదివిన కొండలన్నీ గుండ్రంగానే ఉన్నాయి. మంచి మార్కులు రావాలంటే అట్లా చూడ్డం నేర్చుకోవాలి, నేర్చుకున్నాను. ఎవర్నీ అనుకరించలేదని గొప్ప చెప్పుకున్నానే, నా చెయ్యి అప్పటికే ఒక పెద్ద కాపీ. ఎవరిదో చూపుకు కాపీ. మంచి బొమ్మను గీతకు గీత దించాల్సి వచ్చినప్పుడే అది బయటపడింది, పట్టుకున్నది మాత్రం నాయన.

ఆ రాత్రి సెజాన్ గురించి మళ్లీ చదివాను, ఈసారి గొడవ పెట్టుకోకుండా. ఆయన అక్కడికి వెళ్లేనాటికి ఆ గనిలో పని చాలా వరకు ఆగిపోయింది. మనుషులు వెళ్లిపోయారు, వాళ్ల దెబ్బలు మిగిలాయి. ఆయన వేసింది ఆ దెబ్బల్ని. పనివాళ్లు ఆయన బొమ్మల్లో లేకపోలేదు. 1890ల్లో వేసిన పేకాట బొమ్మల్లో కూర్చున్నవాళ్లు ఆయన తండ్రి పొలంలో పనిచేసిన కూలీలు. 1906 అక్టోబర్లో చనిపోయే ముందు రోజుల్లో ఆయన వేస్తున్న మనిషి తోటమాలి వాలియే.

అంతమాత్రాన సెజాన్‌ను మనవాడు అనుకోమని నేను చెప్పడం లేదు. ఆయన భూమి ఉన్న ఇంటి బిడ్డే. ఆయనకు గని అంటే పోయి కూర్చుని చూసే చోటు, మా నాయనకు దిగే చోటు. ఈ తేడా ఏ రంగూ పూడ్చదు. ఆ బొమ్మ ఇప్పుడు అమెరికాలో బాల్టిమోర్ మ్యూజియంలో ఉంది. కోన్ అక్కచెల్లెళ్లు సేకరించి ఇచ్చిన వాటిల్లో ఒకటి. వాళ్ల డబ్బు అన్నదమ్ముల బట్టల మిల్లుల నుంచి వచ్చింది, అంటే దాని వెనక పత్తి, మిల్లు కూలీలు. బొమ్మ వేసినవాడి పేరు, కొన్నవాళ్ల పేరు, కొండ పేరు, గని పేరు అన్నీ నిలిచాయి. రాయి దించినవాళ్ల పేర్లు లేవు. నా పాత వ్యాసంలో ఈ ఒక్క ముక్క నిలబడుతుంది. మిగతాది చూడకుండా రాసిన తీర్పు.

మర్నాడు ఆదివారం. పాలెట్ కత్తితో నా గోడల అంచులు గీకేశాను. పైన తోలు కట్టింది గానీ లోపల రంగు ఇంకా పచ్చిగానే ఉంది, తేలిగ్గానే వచ్చింది. నాయన పక్కనే కూర్చున్నాడు. ఏ మూల ఎట్లా దిగిందో ఆయన చెప్తుంటే మళ్లీ వేశాను. "ఈడ ఉలి పెట్టింటారు. ఈడ ఆపేసినారు, రాయి బాగల్యాక." అది ఫ్రాన్సు రాయి. అదీ సున్నపురాయి జాతిదే, మా నాపరాయీ అంతే. ఆయన ఆ దేశం పేరు సరిగా పలకలేడు, ఆ రాతిని మాత్రం చదివేస్తున్నాడు. నేను నాలుగు పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది ఆయనకు ఒక్క నిలువుగీత చెప్పింది.

పని మధ్యలో అడిగాడు. "ఎవురెవురు చేసినారంట ఇందులో?"

"పేర్లు దొరకవు నాయనా."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ సిన్నాయన పేరు గూడ యాడా ల్యాలే" అన్నాడు.

చిన్నాయన నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు గనిలో పోయాడు. పైనున్న బండ జారింది. మస్టర్‌లో ఆయన పేరు లేదు. పేరు లేనివాడు అక్కడ పనిచేసినట్టు కాదు, పనిచెయ్యనివాడు అక్కడ చచ్చిపోయినట్టు కాదు. అందుకని నష్టపరిహారం రాలేదు. మా పిన్నమ్మ చేతిలో కొన్ని నోట్లు పెట్టి పంపేశారు. ఎంతో నాకు తెలుసు, చెప్పడం ఇష్టం లేదు. ఇరవై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఆయన గురించి మాట్లాడుకున్నది చాలా తక్కువ. ఆ ఆదివారం నాయన రెండు గంటలు మాట్లాడాడు. చిన్నాయన ఏ మూల పనిచేసేవాడో, ఆ రోజు ఏ పొర లేపుతున్నారో, ఆయన కొట్టిన అంచు ఎట్లా ఉండేదో. "వాడు దించిన రాయి నాకు తెలుస్తాది. ఇప్పుడు సూపించినా తెలుస్తాది."

నేను బ్రష్ పక్కన పెట్టి ఫోనులో ఆయన మాట రికార్డు చేసుకున్నాను. ఇంత కాలం ఎందుకు చెయ్యలేదో నాకే తెలీదు. మౌఖిక సాహిత్యం మీద వర్క్‌షాపులు పెట్టినవాణ్ణి నేను.

పోయిన నెల సెలవులకు ఇద్దరం మా ఊరెళ్లాం. ఆ గని ఇప్పుడు నడవడం లేదు. అడుగున పచ్చటి నీళ్లు నిలిచాయి. చిన్న బోర్డు ఒకటి తీసుకెళ్లాను. నేను ఎక్కడో నీడ చూసుకుని గట్టు మీద కూర్చోబోతే, నాయన చెయ్యి పట్టుకుని ఇంకోవైపు తీసుకెళ్లాడు. "ఆడ్నించి నీళ్లు బాగా కనపడతాయి గానీ గోడ కనపడదు. ఈడికి రా."

బొమ్మ సరిగా రాలేదు. రంగులు ఎండకు తొందరగా చిక్కబడ్డాయి, ఎదురుగా కొండ కూడా లేదు, ఉత్త గుంత. కానీ గోడ మూలలు మాత్రం నిలువుగా వేశాను. నాయన చూపించిన మూల మూడు సార్లు వేశాను. బోర్డు వెనక పెన్సిల్‌తో చిన్నాయన పేరు రాశాను, నాయన చెప్పిన మరో ఆరుగురి పేర్లు కూడా. వాళ్ల ఇళ్లకు వెళ్లి అడిగాకే ఆ పేర్లు బయటపెడతాను. ఇక్కడ రాయకపోడానికి కారణం అదే.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను.

అమ్మా, మనకెందుకంటే, చూపు కూడా మన దగ్గర్నించి తీసేసుకున్న వాటిల్లో ఒకటి. భూమి పోయిందని మనకు తెలుసు, దానికోసం కొట్లాడుతున్నాం. స్కాలర్‌షిప్పు రాలేదని తెలుసు, దానికోసం సోమవారం కలెక్టరేటు ముందు నువ్వూ నేనూ కూర్చుంటాం, ఆ పని మానుకుని బొమ్మలేయమని నేను చెప్పను. కానీ చూపు పోయిందని మనకే తెలీదు. మన అమ్మానాయనల పని కళ్ల ముందున్నా మన చెయ్యే దాన్ని గుండ్రం చేసేస్తుంది. మంచి మార్కులు వచ్చినకొద్దీ ఎక్కువ గుండ్రం చేస్తుంది. నాకు వచ్చాయి కాబట్టి చెప్తున్నాను.

ఇంకోటి. మనం ఉద్యమంలో ఉన్నవాళ్లం, తీర్పు తొందరగా చెప్తాం. చెప్పక తప్పని రోజులుంటాయి. అయినా ఒక పుస్తకాన్నో, బొమ్మనో, పాటనో ఇది మనది కాదు అని తోసేసే ముందు, ఒక్కసారి దాన్ని చేత్తో దించి చూడు. ఒక పేజీ తిరగరాయి, ఒక గడీ గియ్యి. అప్పుడు కూడా కోపం ఉంటే ఆ కోపం నిలబడుతుంది. ఎవడైనా కాపీ అంటే అననీ. నేర్చుకునేవాళ్లందరూ చేసే పనే అది.

అందరికీ ఒక చిన్న పని. ఈ ఆదివారం మీ అమ్మో నాయనో పనిచేసిన చోటుకు వాళ్లతోనే వెళ్లండి. పొలమో, బట్టీయో, మార్కెట్టో, ఆస్పత్రి వరండాయో. ఎక్కడ నిలబడి చూడాలో వాళ్లనే అడగండి. ఒక గంట కూర్చుని, కనపడింది గీయండి, రాదంటే రాయండి. వెనక పక్క, అక్కడ పనిచేసినవాళ్ల పేర్లు వాళ్లు చెప్పినన్ని రాసుకోండి.

నాయన నిన్న ఊరెళ్లిపోయాడు. బస్సెక్కే ముందు బొమ్మ ఎప్పటికి ఆరుతుందని అడిగాడు. పూర్తిగా ఆరాలంటే నెలలు పడుతుందన్నాను.

"అయితే మల్లొచ్చినప్పుడు సూస్తాలే. ఎడమ పక్క మూల ఇంగా సరిగ్గా రాలేదు, దిద్దుకో" అన్నాడు.

ఈ సాయంత్రం ఆ మూల దగ్గరే కూర్చుంటున్నాను.

జై భీమ్.